జంటకోరుల ప్రాసెసరు

వరికోతల కాలమున పదియెకరముల చేనిని ఒక్క కూలివాడే కోయవలసివచ్చినచో నెలలు పట్టును. ఇరువదిమంది దిగినచో నాలుగైదు దినములలో పనలు కళ్లమునకు చేరును. ఒక మడిలో కోయువాడు ప్రక్కమడిలోని వానికొఱకు కాచుకొనియుండ నక్కఱలేదు. కాని బావి త్రవ్వుటలో ఈ సూత్రము సాగదు. ఇఱుకైన గోతిలో గునపము పట్టువాడొక్కడే; తక్కినవారు గట్టుపై నిలిచి మన్ను లాగవలసినదే. గణితమునందును ఈ రెండు తెఱగుల పనులు కలవు. వరికోతవంటి లెక్కలను ముక్కలు చేసి, లోకమందలి వేలకొలది కంప్యూటర్లకు పంచియిచ్చి చేయించు పద్ధతిని డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగు అందురు. మనము దానిని పంపిణీ గణన మనవచ్చును.

1999వ సంవత్సరము మే నెల 17వ తేదీన అమెరికాలోని బర్క్‌లీ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు ‘సెటీ ఎట్ హోమ్’ అను పేరుతో ఇట్టి పని నొకదానిని ప్రారంభించిరి. ప్యూర్టోరికో ద్వీపమందు అరెసీబో వద్ద 305 మీటర్ల వెడల్పుగల రేడియో దూరదర్శిని యుండెను. ఆకాశమునుండి అది పట్టిన తరంగములలో, ఇతర లోకములందలి బుద్ధిజీవులు పంపిన సంకేత మేదైన కలదేమో వెదకుట ఆ పని యుద్దేశము. తరంగముల పట్టీని 256 సన్నని పాయలుగా చీల్చి, ఒక్కొక్క పాయను 107 సెకనుల ముక్కలుగా కోసి ఇండ్లకు పంపిరి. గృహస్థుడు తన యంత్రమును వాడని వేళ అది ఈ ముక్కను పరీక్షించి ఫలితమును తిరిగి పంపెడిది. ఒకే ముక్కను ఒకరికంటె ఎక్కువమందికి పంపి జవాబులను సరిచూచుట కలదు. దొంగలెక్కలు, తప్పులెక్కలు ఇట్లు పట్టుబడెడివి. సంకేత మేదియు దొరకలేదు. కాని ఈ పద్ధతి నిలిచినది. అరెసీబో సమాచారమునే ఇండ్లలోని యంత్రములచే పరీక్షింపజేసిన ‘ఐన్‌స్టీన్ ఎట్ హోమ్’ అను మఱియొక యోజనమువలన, సెకనుకు నలుబది సారులకు పైగా తిరుగు ఒక పల్సరు నక్షత్రము 2010లో కనుగొనబడినది.

ఇట్లు పాల్గొనువారు ధనవంతులు కారు. విద్యార్థులు, చిన్న యుద్యోగులు మెండు. తక్కువ సొమ్ముతో ఎక్కువ ముక్కలు ముగించుట యెట్లను ప్రశ్న వారిని వేధించెను. 2005వ సంవత్సరమున ఈ ప్రశ్న క్రొత్తరూపు దాల్చినది. అంతవఱకు ఇంటి యంత్రములోని ప్రాసెసరునకు లెక్కచేయు కోరు ఒక్కటే. దాని గడియార వేగమును పెంచుచు పోగా, పెంటియమ్ 4 సెకనుకు 380 కోట్ల టిక్కులు, అనగా 3.8 గిగాహెర్ట్జ్ దగ్గఱ ఆగిపోయెను. ఇంకను పెంచినచో పుట్టు వేడిమిని చల్లార్చుట దుస్సాధ్యమయ్యెను. అందువలన ఒక గుఱ్ఱమునే కొట్టి పరుగెత్తించుటకు బదులు, రెండు గుఱ్ఱములను పూన్చిరి. ఐ.బి.ఎం. సంస్థ 2001లోనే పెద్ద యంత్రములకై ఇట్టి జంటకోరుల ప్రాసెసరును చేసియుండెను. ఇండ్లకొఱకు ఇంటెల్ సంస్థ పెంటియమ్ డి ని, ఎ.ఎం.డి. సంస్థ అథ్లాన్ 64 ఎక్స్2 ను 2005లో విడుదల చేసిరి.

ఇచ్చట పలువురు భ్రమపడుదురు. రెండు కోరులున్నచో ఒక్కొక్క ముక్క సగము కాలములో ముగియునని తలంతురు. అది నిజము కాదు. ముక్క బావివంటిది, నాటి యోజనములందు సామాన్యముగా దానిని ఒక కోరే త్రవ్వెడిది. రెండవ కోరు వేఱొక ముక్కను పట్టును. కాలము తగ్గదు, దినాంతమున ముగిసిన ముక్కల సంఖ్య ఇంచుమించు రెట్టింపగును. ‘ఇంచుమించు’ అనుటకు కారణము కలదు. రెండు కోరులును ఒకే జ్ఞాపకకోశమునుండి సమాచారము తెచ్చుకొనవలెను. త్రోవ ఇఱుకైనచో ఒకటి రెండవదానికై నిలిచిపోవును. కావున కోరుల చెంతనే యుండు క్యాష్ అను చిన్న నిలువయు లెక్కింపదగినదే.

2006వ సంవత్సరము ఆగస్టునందు అమెరికాలో ఒక విద్యార్థి అంగడికి పోయెననుకొనుడు. అతనికి ముఖ్యముగా మూడు సరకులు కనబడును. పెంటియమ్ డి 805 నూరు డాలర్ల దరిదాపున దొరకును, వేగము 2.66 గిగాహెర్ట్జ్, వేడిమి 95 వాట్లు. ధర తగ్గించిన పిదప అథ్లాన్ ఎక్స్2 3800 ప్లస్ 152 డాలర్లు. జూలై 27న క్రొత్తగా వచ్చిన కోర్ 2 డ్యుయో ఇ6300 టోకున 183 డాలర్లు, వేగము 1.86 గిగాహెర్ట్జ్ మాత్రమే, వేడిమి 65 వాట్లు. వేగమును ధరను మాత్రమే చూచువాడు మొదటిదానినే కొనును. అది పొరపాటు. ఒక్కొక్క టిక్కులో ఇ6300 చేయు పని చాల ఎక్కువగుటచే, టిక్కులు తక్కువైనను అదియే ముందుండును.

పంపిణీ గణనము చేయు యంత్రము రేయింబవళ్లు మండును. ఇదియే సామాన్యపు కొనుగోలునకు దీనికిని గల భేదము. 95 వాట్లు ఏడాది పొడవున మండిన 832 యూనిట్లు, 65 వాట్లైన 569 యూనిట్లు ఖర్చగును. యూనిట్టు పది సెంట్ల చొప్పున రెండేండ్లకు మొదటిదానికి 166 డాలర్లు, రెండవదానికి 114 డాలర్లు. కొనుగోలు ధర కలుపగా మొదటిది 266, రెండవది 297 డాలర్లు. ఇంతవఱకు మొదటిదే చవుక. ఇపుడు లెక్కకొఱకు మొదటిది దినమునకు నాలుగు ముక్కలు, రెండవది ఆఱు ముక్కలు ముగించుననుకొందము. రెండేండ్లలో మొదటిది 2,920, రెండవది 4,380. ముక్క యొక్కంటికి మొదటిదానికి తొమ్మిది సెంట్లు దాటును. రెండవదానికి ఏడు సెంట్లైన కాదు. వాట్లనగా ఇచ్చట తయారీదారు చెప్పిన వేడిమి పరిమితియే కాని మీటరు చూపు ఖర్చు కాదు. అయినను పోల్చుటకు చాలును.

కాని ఈ లెక్క అందఱకును ఒక్కటి కాదు. ఒకని యింట 939 సాకెట్టుగల పాత ఎ.ఎం.డి. బోర్డు ఉన్నచో, దానికి సరిపోవు ఎక్స్2 ను అమర్చుకొనినచాలును. ఇ6300 కొన్నచో దానిని గుర్తించు బోర్డును, పలువురు క్రొత్త జ్ఞాపకపు పలకలను కూడ కొనవలసివచ్చెను. చవుక ప్రాసెసరును నిర్ణీత వేగమునకు మించి తోలువారును కలరు. ఆటలకు అది చెల్లునేమో. ఇచ్చట ఒక్క అంకె తప్పినను ముక్క వ్యర్థము, వెలువడిన వేడి మిగిలినది.

సెటీ ఎట్ హోమ్ 2020 మార్చి 31న ముక్కలు పంచుట మానినది. అదే సంవత్సరము డిసెంబరు 1న అరెసీబో దూరదర్శిని కూలిపోయినది. ప్రోటీనుల ముడుతలను పరిశోధించు ‘ఫోల్డింగ్ ఎట్ హోమ్’ వంటి యోజనములు మాత్రము సాగుచున్నవి. వానిలో బరువైన లెక్కలను చిత్రములు గీయుటకై పుట్టిన గ్రాఫిక్స్ ప్రాసెసర్లే యెక్కువగా చేయుచున్నవి. నాటి జంటకోరుల యంత్రమును ఎవరైన ఊరక యిచ్చినను, ముక్క యొక్కంటికి పడు విద్యుత్తు ఖర్చును చూచిన పిమ్మటనే దానిని ఈ పనికి పెట్టవలెను. ముక్క కొక గడువు కలదు. ఆలోపల ముగియనిచో అది మఱియొకరి యింటికి పోవును.