ముందు వీసా, తర్వాతే తూటా

ఉద్యోగం మీద అలాస్కాలోని యాంకరేజ్ వచ్చిన తెలుగువాళ్లకి మే నెల రాగానే ఆఫీసులో ఒక ప్రశ్న ఎదురవుతుంది: "హైకింగ్‌కి వెళ్తే ఏం పట్టుకెళ్తావు?" అడిగేది నీళ్ల సీసా గురించి కాదు, తుపాకీ గురించి. ఊరిని ఆనుకునే చుగాచ్ స్టేట్ పార్కు ఉంది. వేసవిలో నల్ల ఎలుగులు చెత్తడబ్బాల కోసం వీధుల్లోకి వస్తాయి. సాల్మన్ చేపలు ఎక్కే వాగుల వెంట గోధుమరంగు ఎలుగులు తిరుగుతాయి. ఉద్దానం జీడితోటల్లో ఎలుగు తిరుగుతోందంటే జనం ఎంత హడలిపోతారో శ్రీకాకుళం వాళ్లకి చెప్పక్కర్లేదు. అది సాధారణంగా క్వింటాలున్నర దాటదు. అలాస్కా తీరంలో సాల్మన్ తిని బలిసిన మగ ఎలుగు నాలుగు క్వింటాళ్లు దాటిపోతుంది, గంటకు 50 కిలోమీటర్లకు పైగా పరిగెడుతుంది. 40 మీటర్ల అవతల పొదలోంచి అది మీ మీదికి దూకిందంటే మీకు మిగిలేది మూడు సెకన్లు. తుపాకీ గురించి ఎవరేం చెప్పినా ఈ మూడు సెకన్లతోనే కొలుచుకోవాలి.

అయితే దుకాణానికి వెళ్లేముందు పాస్‌పోర్టు ఒకసారి తీసి చూసుకోండి. హెచ్1బి, హెచ్4, ఎల్1, ఎఫ్1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొంటేనే నేరం అనుకుంటారు చాలామంది. అరువు తెచ్చుకున్నా అంతే, శనివారం స్నేహితుడు షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లి "ఒక్క రౌండు కాల్చు, ఫొటో తీస్తా" అన్నప్పుడు చేతిలోకి తీసుకున్నా అంతే. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు చెల్లుబాటులో ఉన్నవాళ్లకి చట్టంలోనే మినహాయింపు ఉంది. దుకాణంవాళ్లు కూడా ఆ దారే చూపిస్తారు. కానీ ఇమిగ్రేషన్ లాయరుని అడక్కుండా దాన్ని నమ్ముకోవద్దని నా సలహా. తుపాకీ నేరం డిపోర్టేషన్‌కి దారితీసేవాటిలో ఒకటి. గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్లకేళ్లు నిలబడ్డ మనిషి ఒక సాయంత్రపు సరదాకి దాన్ని పణంగా పెట్టడం తెలివైన పని కాదు.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ అడ్డు లేదు. లైసెన్సున్న దుకాణంలో ఫారం 4473 నింపాలి, అందులో మీ ఏలియన్ నంబరు రాయాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవుతుంది. ఆ ఫారంలో అబద్ధం రాస్తే అదే ఇంకో నేరం. పిస్టల్, రివాల్వర్‌లకి 21 ఏళ్లు, రైఫిల్, షాట్‌గన్‌లకి 18 నిండాలి. 21 దాటినవాళ్లు దుస్తుల కింద దాచుకుని తిరగడానికి అలాస్కాలో వేరే పర్మిట్ అక్కర్లేదు. ఒక్క షరతు: అలా దాచుకుని ఉండగా పోలీసు ఆపితే, ఆయన అడక్కముందే మీరే చెప్పాలి.

వీసా ఏదైనా, అనుభవం ఎంతైనా, అందరూ మొదట కొనాల్సింది బేర్ స్ప్రే. ఇది భయస్తుల మాట కాదు. టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో తదితరులు అలాస్కాలో 1985 నుంచి 2006 దాకా స్ప్రే వాడిన 83 ఘటనలు పరిశీలించి 2008లో ప్రచురించారు. గోధుమ ఎలుగుల విషయంలో నూటికి 92 సార్లు, నల్ల ఎలుగుల విషయంలో 90 సార్లు స్ప్రే పనిచేసింది. స్మిత్, హెరెరోలే మరికొందరితో కలిసి 2012లో తుపాకుల లెక్క తీశారు. 269 ఘటనల్లో చేతి తుపాకులు నూటికి 84 సార్లు, పొడవు తుపాకులు 76 సార్లు ఎలుగుని ఆపాయి. రెండు అధ్యయనాలూ ఒకే తూకంతో తూచినవి కావు కాబట్టి అంకెల్ని పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పకూడదు. నాకు ముఖ్యమనిపించేది రెండో దానిలోని ఇంకో సంగతి: తుపాకీ దగ్గరున్నవాళ్లలో కాల్చినవాళ్లకీ కాల్చనివాళ్లకీ చివరికి జరిగిన నష్టంలో తేడా కనబడలేదు.

స్ప్రే డబ్బా చేతిలోకి తీసుకుని చూడండి. పైన మీట, దాని కింద అడ్డంగా ఒక ప్లాస్టిక్ క్లిప్పు ఉంటుంది. క్లిప్పుకి ఉన్న వంపులో బొటనవేలు పెట్టి వెనక్కి గుంజితే ఊడొస్తుంది. కొత్త డబ్బాకి అది బిగుతుగా ఉంటుంది, చలిలో గ్లవ్స్‌తో అయితే మరీను. కారం లేని ప్రాక్టీసు డబ్బాలు అమ్ముతారు, ఒకటి కొని పెరట్లో అలవాటు చేసుకోండి. మందు ఎనిమిది, పది మీటర్లు పోతుంది, మొత్తం పట్టుమని పది సెకన్లు కూడా రాదు. అందుకే ఎలుగు ముఖానికి కాదు, దాని ముందు నేలకి కాస్త పైన మబ్బులా కొట్టాలి. అది పరిగెత్తుకుంటూ వచ్చి ఆ మబ్బులో పడాలి. కారం వాసనకి జంతువు దూరంగా ఉంటుందని దోమల మందులాగా టెంటు మీద చల్లుకునేవాళ్లున్నారు. ఆరిపోయిన ఆ మందు వాసనే గోధుమ ఎలుగుల్ని రప్పిస్తుంది.

ఇక తుపాకీ. దుకాణంలో కౌంటరు వెనకాయన మిమ్మల్ని చూడగానే తీసేది పెద్ద రివాల్వర్. 500 మ్యాగ్నమ్, 454 కసుల్, కనీసం 44 మ్యాగ్నమ్. పెద్ద నంబరు చూసి మురిసిపోకండి. బరువు తక్కువని కొనే తేలికపాటి 44 మ్యాగ్నమ్‌తో ఒక్కటి కాలిస్తే చెయ్యి తలదాకా ఎగురుతుంది, మణికట్టు జివ్వుమంటుంది, గురి మళ్లీ కుదిరేలోపు మీ మూడు సెకన్లు అయిపోతాయి. ఏడాదికోసారి పది తూటాలు కాల్చి బీరువాలో పెట్టేవాడికి అది బరువే తప్ప రక్షణ కాదు. చేతి తుపాకీయే కావాలంటే ఈమధ్య అలాస్కాలో ఎక్కువమంది 10 ఎంఎం పిస్టల్ వైపు మొగ్గుతున్నారు, నేనూ అదే అంటాను. గ్లాక్ 20లో మ్యాగజైన్‌కి 15 తూటాలు పడతాయి, కుదుపు కొత్తవాళ్లకీ లొంగుతుంది. దాని లోపం కూడా తెలుసుకోవాలి. ఎలుగు మీద పడ్డాక గొట్టం దాని ఒంటికి ఆనించి నొక్కితే స్లైడ్ వెనక్కి జరిగి పిస్టల్ పేలకపోవచ్చు. రివాల్వర్‌కి ఆ బెంగ లేదు.

తూటా సంగతి క్యాలిబర్ కంటే ముఖ్యం. ఇళ్లలో ఆత్మరక్షణకి అమ్మే హాలో పాయింట్ తూటాలు ఒంట్లోకి దిగగానే పువ్వులా విచ్చుకుని ఆగిపోయేలా చేసినవి. ఎలుగుకి బొచ్చు, కొవ్వు, కండ, వాటి కింద దళసరి ఎముక. అక్కడ కావాల్సింది విచ్చుకోవడం కాదు, లోతుగా దిగడం. అందుకని గట్టి సీసంతో పోతపోసిన, మూతి చదునుగా ఉండే హార్డ్ కాస్ట్ తూటాలు అడగండి. 10 ఎంఎంలో 200 గ్రెయిన్లు, 44లో 300 గ్రెయిన్ల దరిదాపు బరువు, అంటే సుమారు 13 గ్రాములు, 19 గ్రాములు. మామూలు 9 ఎంఎంతో గోధుమ ఎలుగుని చంపిన ఫిల్ షూమేకర్ కథ మీకు ఎవరో ఒకరు చెప్తారు. 2016లో అది నిజంగానే జరిగింది. ఆయన వాడిందీ హార్డ్ కాస్టే. పైగా ఆయన దశాబ్దాల అనుభవమున్న వేట గైడు, మనం కాదు.

క్యాంపింగ్‌కీ, నది ఒడ్డున చేపల వేటకీ పొడవు తుపాకీ మేలు. అలాస్కా ఫిష్ అండ్ గేమ్ శాఖ చెప్పేది 300 మ్యాగ్నమ్ రైఫిల్, లేదా స్లగ్‌లు, అంటే ఒంటి పెద్ద గుళ్లు, వేసిన 12 గేజ్ షాట్‌గన్. రెమింగ్టన్ 870, మాస్‌బర్గ్ 500 లాంటి పంప్ షాట్‌గన్ ధర తక్కువ, నేర్చుకోవడం తేలిక. పిట్టల కోసం చేసిన రవ్వ గుళ్లు అసలు వద్దు, బక్‌షాట్ కూడా లోతుకి దిగదు. బ్రెన్నెకే లాంటి గట్టి సీసపు స్లగ్ తీసుకోండి. భయంలో జరిగే పొరపాటు ఒకటుంది: ముందుపట్టుని చివరిదాకా వెనక్కి లాగకుండానే ముందుకి తోసేస్తారు, తర్వాతి గుండు ఎక్కదు. ఫిష్ అండ్ గేమ్ శాఖ నడిపే రాబిట్ క్రీక్ రేంజ్‌కి వెళ్లి ముందుపట్టు పూర్తిగా వెనక్కి వచ్చిన చప్పుడు చెవికి అలవాటయ్యేదాకా లాగండి, తోయండి. చేతి తుపాకీ అయినా స్ప్రే అయినా ఉండాల్సింది ఛాతీ మీద, లేదా చేతికి అందే బెల్టుకి. బ్యాగులో ఉన్నది లేనట్టే.

విమానంలో తుపాకీని తూటాలు తీసేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో, కౌంటరులో చెప్పి చెకిన్ లగేజీలో పంపొచ్చు. స్ప్రే మాత్రం చెకిన్‌లోనూ చేతి సంచిలోనూ నిషేధమే, దిగిన ఊళ్లో కొనుక్కోవాలి. కారులో అలాస్కా హైవే మీదుగా దిగువ రాష్ట్రాలకి వెళ్లేవాళ్లు మధ్యలో కెనడా ఉందని మర్చిపోతారు. అక్కడ చేతి తుపాకీని సరిహద్దు దాటించడం పెద్ద నేరం.

ఎలుగుని చంపాల్సి వచ్చిందే అనుకోండి. ప్రాణం కాపాడుకోవడానికి కాల్చినవాళ్లని చట్టం తప్పుపట్టదు, కానీ చంపి ఇంటికి పోవడానికి లేదు. గోళ్లతో సహా తోలు ఒలిచి, పుర్రెతో కలిపి మీరే ప్రభుత్వానికి అప్పగించాలి, 15 రోజుల్లోపు రిపోర్టు రాసివ్వాలి. చెత్త, చేపల వ్యర్థాలు, పక్షుల గింజలు బయట వదిలేసి ఎలుగుని మీరే రప్పించుకున్నట్టు తేలితే ఆత్మరక్షణ అనే మాట చెల్లదు. కాబట్టి చేపల పులుసు చేసుకున్న రాత్రి ముళ్లూ తలలూ పెరట్లో డబ్బాలో వేయకండి. కవర్లో కట్టి ఫ్రీజర్లో పెట్టి, చెత్త బండి వచ్చే రోజు పొద్దున్నే బయట పెట్టండి.