వేడెక్కిన బ్రేకులు

శంషాబాదు విమానాశ్రయమునకు దిగు విమానములను ఇబ్రహీంపట్నం ప్రాంతపు బాలురు తలయెత్తి చూచుచుందురు. వారికి విమానము ఎగురుటయే వింత. కాని అది ఆగుట అంతకంటె వింత.

60 టన్నుల విమానము గంటకు సుమారు 240 కిలోమీటర్ల వేగముతో నేలను తాకును. ఆ శక్తిలో కొంత గాలి యొత్తిడివలనను, ఇంజనుల యెదురు త్రోపువలనను తగ్గును. మిగిలినది బ్రేకు బిళ్ళల రాపిడిచే వేడిగా మారును. విమానము నిలిచిన పిదపగూడ ఆ వేడి మెల్లగా చక్రమునకు, టైరునకు ప్రాకును. అందుచే చక్రములలో కరిగెడి బిరడాలను అమర్చుదురు. వేడి మితిమీరగానే అవి కరిగి, టైరులోని నత్రజనిని వెలికి విడుచును. లేనిచో టైరు బాంబువలె ప్రేలును.

1963 సెప్టెంబరు 4వ తేదీ ఉదయమున స్విట్జర్లాండులోని జూరిచ్ విమానాశ్రయమును పొగమంచు కప్పియుండెను. స్విస్ఎయిర్ వారి కారవెల్ విమానపు పైలటు, ఇంజనుల వేడిగాలితో మంచును చెదరగొట్టుటకై రన్‌వేపై కొంతదూరము నడిపి, మరల వెనుకకు తెచ్చెను. ఇంజనులు ముందునకు త్రోయుచుండగా పట్టియుంచిన బ్రేకులు మిక్కిలి కాగెను. వేడి కంటికి కనబడునది కాదు గదా! చక్రపు అంచు పగిలెను. విమానము లేచి చక్రములను లోనికి ముడుచుకొనగా అచట మంట రేగెను. కొలది నిమిషములలో అది డ్యూరెనెష్ గ్రామము చెంత కూలెను. 80 మందిలో ఒక్కరును మిగులలేదు. వారిలో 43 మంది హుమ్లికాన్ అను చిన్న పల్లెవారు. వ్యవసాయ క్షేత్రమును చూడబోవుచుండిన రైతు దంపతులు పెక్కురు. ఆ పల్లెలో ఎందరో పిల్లలు ఒక్క పూటలో తల్లిని తండ్రిని గోల్పోయిరి.

అచటివారి భాష జర్మను. ఆ భాషలో విమానపు ఆపదకు ‘లుఫ్ట్‌నోట్‌లాగె’ అని పేరు. లుఫ్ట్ అనగా గాలి, నోట్ అనగా ఆపద, లాగె అనగా స్థితి. మన సమాసములవలె మూడు పదములు కలిసి ఒకటైనవి. వేరు దారి లేక దిగుట ‘నోట్‌లాండుంగ్’. ముందుకు పోయిన అపాయము కలుగునేమో యని పైలటు తానై దిగుట ‘జిహెర్‌హైట్స్‌లాండుంగ్’; జిహెర్‌హైట్ అనగా భద్రత. మన పత్రికలు రెండింటిని ‘అత్యవసర ల్యాండింగ్’ అనియే వ్రాయుచుండును. చదువరికి భేదము తెలియదు. రేడియోలో మాత్రము అన్ని దేశముల పైలట్లకును భేదము స్పష్టమే: ప్రాణాపాయమైనచో ‘మేడే’ అని, అంతకు తక్కువదైనచో ‘పాన్ పాన్’ అని ముమ్మారు పలుకుదురు.

ఎయిర్‌బస్ 320లో బ్రేకుల వేడి 300 డిగ్రీలు దాటినచో పైలటు బయలుదేరరాదు. ప్రయాణికులు ఎంత విసుగుకొన్నను, బ్రేకులు చల్లారువరకు విమానము నేలపైననే నిలిచియుండును.