నిజాము పేరిటి ఓడయు గోదావరి పేరిటి ఓడయు

మన బన్సీలాలుపేటనుండి సముద్రతీరము సుమారు 200 మైళ్ల దూరమున నున్నది. ఓడ యనగానే మన విద్యార్థులలో పలువురకు హుస్సేనుసాగరమున తిరుగు పడవలే తలపునకు వచ్చును. అట్టి యీ సీమనేలిన ప్రభువుయొక్క బిరుదమును దాల్చి, మధ్యధరా సముద్రము మొదలు టోకియో అఖాతమువరకు సంచరించిన యుద్ధనౌక యొకటి యుండెనని విన్నచో వారు ఆశ్చర్యపడకపోరు.

రెండవ ప్రపంచ సంగ్రామమున జలాంతర్గాములు వర్తకపు ఓడలను అసంఖ్యాకముగ ముంచుచుండుటచే, ఆ యోడలను గుంపుగా కూర్చి, చుట్టును యుద్ధనౌకలను కాపుంచి పంపుచుండిరి. ఇట్టి గుంపునకు కాన్వాయి యని పేరు. డిస్ట్రాయరు అను వేగముగల యుద్ధనౌక యీ కాపునకు తగినదే గాని, దానిని కట్టుటకు ధనమును కాలమును మిక్కిలి పట్టును. కావున అమెరికావారు డిస్ట్రాయరు ఎస్కార్టు అను చిన్న తరగతి ఓడలను వందలకొలది నిర్మించి, వానిలో పెక్కింటికి మృతులైన నావికుల పేళ్లుంచిరి. 1941లో పెరల్ హార్బరునందు మడిసిన జాన్ చార్లెస్ ఇంగ్లండు అను యువకుని పేరు దాల్చిన ఓడ, 1944 మే మాసమున 12 దినములలో 6 జపాను జలాంతర్గాములను ముంచెను. ఇట్టి కీర్తి కాపు ఓడలలో మిగిలినవానికి దక్కలేదు. రాత్రియెల్ల నీటిక్రింది సవ్వడిని ఆలకించుచు, గుంపుతో మెల్లగా నడచుటయే వాని నిత్యకృత్యము. కాన్వాయి క్షేమముగ రేవు చేరినచో చరిత్రకారునకు వ్రాయదగినది అంతగా నుండదు. కాని ఆ రొట్టెయు ఆ మందులును ఎవరికి చేరవలెనో వారికి చేరినవి గదా!

అమెరికాలో మృతవీరుల పేళ్లుంచగా, బ్రిటనులో ఒక తరగతి డిస్ట్రాయరులకు ఆంగ్లమున ‘ఎన్’ అను అక్షరముతో మొదలగు పేళ్లుంచిరి. వానిలో నొకటి ‘నిజాము’. హైదరాబాదు ప్రభువగు మీర్ ఉస్మాన్ అలీఖాన్ దాని వ్యయములో కొంత భరించుటచే ఆ పేరు వచ్చెను. అంతకుముందు మొదటి సంగ్రామకాలమున, 1918లో, ఆయన యిచ్చిన విమానములను పొందిన 110వ వైమానిక దళమునకును హైదరాబాదు పేరే పెట్టిరి. ప్రభువుల కానుకలు తుదకు రైతుల చేలనుండి వచ్చినవే. పేరు మాత్రము ప్రభువుదే నిలిచినది.

‘నిజాము’ 1940 జూలై 4వ తేదీన స్కాట్లండులో నీట దిగి, 1941 జనవరిలో కొలువున చేరెను. అది గంటకు 36 నాటికల్ మైళ్లు పోగలది. దానిని బ్రిటనువారు ఆస్ట్రేలియా నౌకాదళమునకిచ్చిరి. కావున హైదరాబాదు పేరిటి యోడను నడపినవారు ఆస్ట్రేలియా నావికులు.

ఆ సంవత్సరము మే మాసమున క్రీటు ద్వీపము జర్మనుల వశమగుచుండగా, ‘నిజాము’ మొదట అచ్చటికి సైనికులను చేర్చి, పిదప రెండు పర్యాయములు స్ఫాకియా తీరమునకు పోయి, చిక్కుకొనిన సైనికులను వెలికి తెచ్చెను. మే 30వ తేదీ రాత్రి ‘నేపియరు’ అను తోడియోడతో కలసి అది వేయిమందికి పైగా సైనికులను ఎక్కించుకొని, మరునాడు విమానముల దాడికి లోనగుచునే అలెగ్జాండ్రియాకు మరలెను. తరువాత ముట్టడిలోనున్న తొబ్రూకు రేవునకు చీకటిలో సరకులను సైనికులను చేరవేసి, తెల్లవారకముందే వెడలివచ్చు ప్రమాదకరమగు పని పడెను. ఒక ప్రయత్నము విఫలమైన సంగతియు చెప్పవలెను. 1942 జూనులో మాల్టాకు బయలుదేరిన 11 వర్తక నౌకలలో నొక్కటియు గమ్యము చేరలేదు. తోడబుట్టువు వంటి ‘నెస్టరు’ ఆ ప్రయాణముననే నష్టమయ్యెను.

పిమ్మట ‘నిజాము’ హిందూ మహాసముద్రమున చిరకాలము కాపు కాచెను. ఆ దినములను గూర్చి చెప్పదగినది స్వల్పమే. 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నైరృతి కొనయందలి లీవిన్ అగ్రమువద్ద, శత్రువు లేకయే, ఒక మహాతరంగము ఓడను మిక్కిలి పక్కకు ఒరిగించి పదిమంది నావికులను సముద్రము పాలు చేసెను. బాంబులనుండి తప్పించుకొనిన యోడ కెరటమువలన ఇంత నష్టపోయెను. సెప్టెంబరు 2వ తేదీన టోకియో అఖాతమున జపానువారు లొంగుబాటు పత్రముపై సంతకములు చేసినప్పుడు అచ్చట నిలిచిన ఓడలలో ఇదియు నొకటి. 1950 దశాబ్దపు మధ్యకాలమున దీనిని విచ్ఛేదించి ఇనుముగా మార్చిరి.

మన దేశపు నావికులు నడపిన కాపు ఓడలును కలవు. నాటి రాయల్ ఇండియన్ నౌకాదళమునకు 1943లో చేరిన ‘గోదావరి’, ‘కృష్ణ’ అను స్లూపులు అట్టివి. ఇవి డిస్ట్రాయరులకంటె మందగమనములు, పనిలో మాత్రము అమెరికా ఎస్కార్టులకు సాటివి. 1944 ఆగస్టు 12వ తేదీన సీషెల్సు దీవుల సమీపమున ‘గోదావరి’యు, బ్రిటిషు ఫ్రిగేటు ‘ఫైండ్‌హార్ను’ను కలసి యూ-198 అను జర్మను జలాంతర్గామిని ముంచినవి. దానియందలి 66 మందిలో నొక్కరును బ్రదుకలేదు. జయవార్తతోపాటు ఈ సంఖ్యనుగూడ చదువవలెను. వారికిని తల్లులుండిరి.

1947లో దేశవిభజనతో ఓడలును పంచబడెను. ‘కృష్ణ’ భారతదేశమున నిలువగా, తెలుగునేలను తడుపు గోదావరి పేరుగల యోడ పాకిస్తానుకు పోయి ‘సింధు’ యయ్యెను. 1983లో మన నౌకాదళము ఆ పేరును బొంబాయిలో కట్టిన క్రొత్త ఫ్రిగేటునకు పెట్టెను. అది 2015 డిసెంబరులో సేవనుండి విరమించెను.