తీరం నుండి మంచుకొండకు

మనిషి నేర్చుకునే మాటలలో కొన్ని అనుభవంతో పాటే వస్తాయి. మరికొన్ని అనుభవం కంటె ముందే వచ్చి, అర్థం నిండడానికి ఏళ్ల తరబడి ఎదురుచూస్తాయి. గోదావరి తీరంలో పెరిగే పిల్లలకు 'మంచు' సగం తెలిసిన మాట, సగం తెలియని మాట.

గౌతమీ గోదావరి సముద్రాన్ని చేరబోయే చోట వెలసిన పట్టణం యానాం. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఈ ఊరు నేడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. వేసవిలో ఉక్కపోత, తొలకరి తరువాత వానలు, కార్తికం దాటాక కొద్దిపాటి చలి – ఇదీ అక్కడి వాతావరణం. పుష్యమాసపు వేకువలో ఏటిగట్టు కనిపించకుండా తెల్లని తెర కమ్ముకుంటుంది. "మంచు పడుతోంది, తలకు గుడ్డ కట్టుకో" అని పెద్దలు పిల్లలను హెచ్చరిస్తారు. మామిడిపూత మాడిపోతుందేమోనని రైతులు కలవరపడతారు.

గాలిలో తేలే ఆ తెరా మంచే. గడ్డిపరకపై నిలిచే నీటిబొట్టూ మంచే. కాశ్మీరులో ఇళ్ల కప్పులను ముంచెత్తే తెల్లని రాశీ మంచే. హిమం, తుషారం, నీహారం వంటి సంస్కృత పదాలు కావ్యాలలో ఉన్నా, వాడుకలో తెలుగువారికి ఒక్క మాటే సరిపోయింది. యానాంలో ఒకనాడు పాలనాభాషగా ఉన్న ఫ్రెంచి తీరు వేరు. ఆ భాషలో కురిసే మంచు 'నేజ్', గడ్డకట్టిన నీరు 'గ్లాస్', పొగమంచు 'బ్రుయార్'. ఏ నేలపై ఏది నిత్యం ఎదురవుతుందో ఆ నేల భాష దాన్ని విడిగా గుర్తిస్తుంది.

పిల్లలకు మంచు చూపాలని బయలుదేరే కోస్తా కుటుంబాలు చాలావరకు ముందుగా లంబసింగికి చేరుకుంటాయి. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న గ్రామమిది. కాకినాడ, తుని, నర్సీపట్నం దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే ఆ ఊరు వస్తుంది. దానికి 'కొర్రబయలు' అనే పేరు కూడా ఉంది. ఆరుబయట నిద్రించినవాడు కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. కొన్ని శీతకాలాలలో ఇక్కడి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దరిదాపులకు దిగింది. అందుకే జనం దీనిని 'ఆంధ్రా కాశ్మీరు' అని పిలుచుకుంటారు.

అయితే ఈ పేరు విని వెళ్లిన పిల్లలు కొంత నిరాశ పడవచ్చు. అక్కడ ఆకాశం నుండి మంచు కురవదు. మబ్బులేని రాత్రి నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. బరువైన చల్లగాలి లోయలోకి జారి నిలుస్తుంది. అప్పుడు గాలిలోని తేమ పొగమంచుగా మారుతుంది. చలి మరీ ముదిరిన వేకువలలో గడ్డిపై తెల్లగా పేరుకుంటుంది. సూర్యుడు పైకి రాగానే అది కరిగిపోతుంది. ఈ తేడాను ముందే చెప్పి తీసుకువెళ్లే తల్లిదండ్రుల పిల్లలు నిరాశపడరు. గడ్డిపై పేరిన మంచును వేలితో తాకి, అది ఎలా ఏర్పడిందని ప్రశ్నిస్తారు. లంబసింగి పర్యాటకుల కోసం అలంకరించిన రంగస్థలం కాదు. కాఫీ, మిరియాలు, స్ట్రాబెర్రీ పండించే గిరిజనుల నివాసభూమి. వచ్చినవారు విడిచిపోయే ప్లాస్టిక్ చెత్త అక్కడి పొలాలలో, వాగులలో మిగిలిపోతుంది.

కురిసే మంచును చూడాలంటే హిమాలయాలకు వెళ్లాలి. సుమారు 2050 మీటర్ల ఎత్తున ఉన్న మనాలి, 2650 మీటర్ల ఎత్తున ఉన్న గుల్‌మార్గ్ తెలుగు కుటుంబాలకు పరిచితమైన పేర్లు. 2020 అక్టోబరులో ప్రారంభమైన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం, 3978 మీటర్ల ఎత్తైన రోహ్‌తంగ్ కనుమ ఎక్కకుండానే మనాలి నుండి లాహౌల్ లోయకు చేరే దారి చూపింది. మేఘంలోని నీటిఆవిరి ఆరు కోణాల స్ఫటికాలుగా మారి, నేలదాకా కరగకుండా దిగితే అదే మంచు. దోసెడు మంచును పట్టుకున్న పిల్లవాడి చేతిలో కాసేపటికి మిగిలేవి కొద్ది నీళ్లే. అప్పుడే కురిసిన మంచులో ఎక్కువ భాగం గాలే కావడం అందుకు కారణం.

వేడినేలపై పెరిగిన శరీరానికి ఈ ఆనందం ముందుజాగ్రత్తను కోరుతుంది. నూలుబట్ట తడిస్తే వెచ్చదనాన్ని నిలుపలేదు. కాబట్టి ఒక్క మందపు దుస్తుకంటె పొరలుపొరలుగా తొడిగిన ఉన్ని దుస్తులు, వాటిపై నీరు చొరని కోటు మేలు. తడిసిన చేతిజోళ్లను వెంటనే మార్చాలి. మొద్దుబారిన వేళ్లను మంచుతో రుద్దకూడదు, మంటపై కాచకూడదు. వెచ్చని చోటికి చేర్చి గోరువెచ్చని నీటితో సేద తీర్చాలి. తాజా మంచు తనపై పడిన ఎండలో అధికభాగాన్ని తిరిగి చిమ్ముతుంది కనుక కళ్లకు నల్ల అద్దాలు అవసరం. సముద్రతీరం నుండి వెళ్లినవారు ఒకటి రెండు రోజులు మధ్య ఎత్తులలో ఆగి పైకి వెళ్లడం మంచిది. తలనొప్పి, వాంతులు మొదలైతే పైకి ఎక్కడం ఆపాలి. అవి తగ్గకపోతే కిందికి దిగిరావాలి.

ఇంత శ్రమపడి చూసే మంచు వినోదవస్తువు మాత్రమే కాదు. పశ్చిమ కనుమలలో త్ర్యంబకం వద్ద పుట్టిన గోదావరి వాననీటి నది. వానలు తగ్గితే అది సన్నబడుతుంది. సింధువు, బియాస్ వంటి నదులకు మాత్రం చలికాలపు మంచు వేసవిదాకా దాచిన నీరు. పిల్లలు ఆడుకునే ఆ తెల్లని వాలు, మైదానంలోని రైతుకు రాబోయే నెలల పంటనీరు. భూమి వేడెక్కుతున్నకొద్దీ హిమాలయాలలోని హిమానీనదాలు క్షీణిస్తున్నాయి. భూమిపై పేరుకున్న మంచు ఎక్కడ కరిగినా ఆ నీరు చివరకు సముద్రాన్నే చేరి దాని మట్టాన్ని పెంచుతుంది. యానాం వంటి పల్లపు తీరాలకు అది ముప్పు. మంచుకొండకూ సముద్రతీరానికీ మధ్య దూరం పటంలో కనిపించేంత ఎక్కువ కాదు.

యాత్ర ముగించి వచ్చిన పిల్లలు ఛాయాచిత్రాలతో పాటు ఈ ఎరుకను కూడా తెచ్చుకోగలిగితే, ఆ ప్రయాణానికి పెట్టిన ఖర్చు వృథా కాదు.

ప్రశ్నలు
1. తెలుగులో 'మంచు' అనే పదం ఏయే అర్థాలలో వాడబడుతున్నదో సోదాహరణంగా వివరించండి.
2. లంబసింగిలో కనిపించే మంచుకూ, హిమాలయాలలో కురిసే మంచుకూ గల భేదాన్ని తెలపండి.
3. 'మంచుకొండకూ సముద్రతీరానికీ మధ్య దూరం పటంలో కనిపించేంత ఎక్కువ కాదు' – ఈ వాక్యాన్ని సమర్థించండి.