సంతకము నాదే, రాత నాది కాదు

ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకము చేయకుడని ఈ శీర్షికలో ఇదివరకే వ్రాసియున్నాను. మరల వ్రాయుటకు కారణము, ఈ ఏడు గోనెగండ్ల, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతములనుండి నా బల్లమీదికి వచ్చిన అప్పుదావాలలో పెక్కింటికి మూలము పసిబిడ్డల రోగమే యగుట.

కథలో మార్పు స్వల్పము. వానలు మొగము చాటుచేయగా మగవాడు సుగ్గికని, అనగా వలసకూలికని, గుంటూరు మిరపతోటలకు పోవును. ఇంట మిగిలిన తల్లికి, ఒకనాటి రాత్రి చంటిబిడ్డ ఆయాసముతో తల్లడిల్లుచుండగా, పెద్దబిడ్డను అత్తగారి కొప్పగించుటయా, మరునాటి కూలి మానుటయా, విత్తనములకని దాచిన రొక్కమును తీయుటయా, చెవికమ్మలు కుదువపెట్టుటయా అన్న ప్రశ్నలన్నియు ఒక్కుమ్మడిగా వచ్చి మీదపడును. ఆమె బిడ్డనే ముందు చూచును, చూడవలసినదియు అదియే. ఆ వేళ అడిగిన వెంటనే రొక్కమిచ్చువాడు దేవుడుగా కనబడుట సహజము. అతడు అచ్చుకాగితమొకటి తీసి, రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, "ఈడ సంతకం పెట్టమ్మా, మిగతాది నేను రాసుకుంటాలే" అనును. ఆ మిగతాదియే కొన్నియేండ్లకు కోర్టు సమనై గుమ్మములోనికి వచ్చును.

"సంతకం నాదే సార్, రాసిండేది మాత్రం నేను కాదు." నా యెదుట కూర్చున్న ప్రతి కక్షిదారుడును ఈ మాట చెప్పి, కేసు సగము గెలిచినట్లు నిట్టూర్చును. నోటును దస్తూరి నిపుణునికి పంపుడని పట్టుబట్టువారు కొందరు. ఆ ఫీజు వృథా యని ఎంత చెప్పినను వినరు. అయ్యా, ఆ మాట మీకు రక్ష కాదు, వాదికి మీరు చేతులార ఇచ్చు ఒప్పుకోలు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టపు 20వ సెక్షను ప్రకారము, స్టాంపు అంటించిన ఖాళీ కాగితముపై సంతకము చేసి యిచ్చినవాడు దానిని నింపుకొను అధికారమును పుచ్చుకొన్నవానికి ఇచ్చినట్లే తొలుత భావింపబడును. ఆ రూపాయి స్టాంపు పదివేలకు ఎంత చాలునో పదిలక్షలకును అంతే చాలును. 118వ సెక్షను మరియొక అడుగు ముందుకు వేసి, నోటున్నదనగా రొక్కము చేతులు మారినదనియే మొదట తలచుమని న్యాయాధిపతికి చెప్పుచున్నది. ఒప్పుకొన్నదానికంటె ఎక్కువ వేసికొనెనని నిరూపించుకొను దారి లేకపోలేదు. కాని ఆ భారము మీ నెత్తినుండును. ఇందలి వింత గమనింపుడు: నిండుగా వ్రాసిన నోటులో అప్పిచ్చినవాడు ఒక్క అంకె దిద్దినను 87వ సెక్షను క్రింద నోటే చెల్లకపోవును, మీరు ఖాళీగా విడిచిన గడిని నింపినచో అది దిద్దుబాటే కాదు. కావున ఖాళీ నోటు మీద సంతకము చేయకుడు. మొత్తమును అంకెలలోను అక్షరములలోను, తేదీని, వడ్డీని వ్రాయించి, మిగిలిన ఖాళీలపై గీత గీయించి, సెల్‌ఫోనులో ఫోటో తీసికొనిన పిదప సంతకము చేయుడు. ఈ పనియంతయు ఆటో వచ్చునంతలోపలనే తీరును.

ఖాళీ చెక్కు ఇంతకంటె ప్రమాదకరము. సంతకముచేసి ఖాళీగా ఇచ్చిన చెక్కును ఇతరులు నింపినను, అది బాకీ తీర్చుటకే ఇచ్చినదను 139వ సెక్షను క్రింది భావన పోదని సుప్రీంకోర్టు 2019లో బీర్‌సింగ్ కేసులో తేల్చినది. చెక్కు తిరిగిపోయినచో అది సివిలు దావాతో ఆగక క్రిమినలు కేసగును. శిక్ష రెండేండ్ల జైలువరకు, జరిమానా చెక్కు మొత్తమునకు రెట్టింపువరకు పోవచ్చును. నోటీసు అందిన పదునైదు దినములలో సొమ్ము కట్టక, జవాబైనను ఈయక, బిడ్డకు బాగులేదు సార్ అని నెలలు గడిచిన తరువాత వచ్చువారికి నేనేమి చేయగలను? బిడ్డ ఆసుపత్రిలో నున్నప్పుడు జవాబు వ్రాయించుటకు తల్లియే రానక్కరలేదు, బావమరిది వచ్చినను చాలును.

అసలు అప్పు చేయనక్కరలేని చోట చేసినవారే హెచ్చు. 2011లో ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము ప్రకారము ఏడాదిలోపు రోగగ్రస్త శిశువునకు ప్రభుత్వాసుపత్రిలో మందులు, పరీక్షలు, రక్తము, రానుపోను వాహనము ఉచితము. ప్రైవేటు ఆసుపత్రి యైనను ఎన్టీఆర్ వైద్యసేవ జాబితాలో నుండి, జబ్బును ఆ జాబితాలోనిదే యైనచో రొక్కము కట్టనక్కరలేదు. అచటి ఆరోగ్యమిత్ర బల్లవద్ద అడుగవలయును. ఆ కుర్చీ ఎప్పుడు చూచినను ఖాళీగానే యుండుట వేరు సంగతి. పుట్టిన బిడ్డ పేరును ఆ సేవకు చూపవలసిన కార్డులో చేర్చుటకు గ్రామ సచివాలయమువారు తల్లిని వారములకొలది త్రిప్పుట మాత్రము నేను క్షమింపజాలను. ఆ త్రిప్పటయే వడ్డీవ్యాపారికి బేరము తెచ్చిపెట్టుచున్నది.

ఇప్పుడు నా చేతనున్న కేసు వినుడు. గోనెగండ్ల మండలములోని యొక తల్లి, పెద్దబిడ్డకు న్యుమోనియా వచ్చినప్పుడు నలువదివేలు తెచ్చి, రెండు ఖాళీ నోట్లు వ్రాసి — వ్రాయక యనవలెను — ఇచ్చినది. సుగ్గినుండి భర్త తెచ్చిన డబ్బుతో వడ్డీ కట్టుచునే యుండెను. ఒక్కసారియైనను నోటు వెనుక చెల్లు వేయించుకొనలేదు. చెల్లు వేసి సంతకము చేసిననాటినుండి గడువు మరల మూడేండ్లు సాగుమాట నిజమే; అయినను చెల్లు లేని కట్టుబడి కోర్టు దృష్టిలో కట్టనట్లే. ఫోనుద్వారా పంపినచో బ్యాంకు ఖాతాయే సాక్ష్యము చెప్పియుండెడిది.

నోటునకు కాలపరిమితి దానిమీది తేదీనుండి మూడేండ్లు. అసలు తేదీ వేసినచో దావా చెల్లదు గనుక అప్పిచ్చినవాడు చాల వెనుకటి సంగతిని ముందునకు జరిపి, ఒక తేదీని వేసికొని, మొత్తము మూడు లక్షలని నింపి, ఆనాడు గోనెగండ్లలో ఇద్దరు సాక్షుల యెదుట రొక్కమిచ్చితినని దావా వేసెను. వేసికొనిన ఆ తేదీయే అతని కొంప ముంచవచ్చును. ఆనాడు ఈమె కర్నూలులో నొక ప్రైవేటు ఆసుపత్రిలో, వాంతులు విరేచనములతో సొమ్మసిల్లిన చిన్నబిడ్డ ప్రక్కనుండెను. చికిత్సకు తల్లి సమ్మతిపత్రముపై ఈమె చేవ్రాలును, దానిక్రింద తేదీయు వేళయు నున్నవని ఈమె చెప్పుచున్నది. ఆ కాగితములేవి యని అడిగితిని. ఇల్లు అలికినప్పుడు పారవేసితిమనెను!

ఆసుపత్రి కాగితములను పారవేయకుడు. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారము, కోరిన డెబ్బదిరెండు గంటలలో వైద్యుడు రోగి రికార్డును ఈయవలయును. అయితే చేరిన రోగుల రికార్డును భద్రపరుపవలసినది మూడేండ్లు మాత్రమే. అప్పిచ్చినవాడు దావా వేయునదియు సాధారణముగా మూడేండ్ల తుదియందే. అనగా మీకు కాగితము అక్కరపడు వేళకు ఆసుపత్రి దానిని చించివేసియుండవచ్చును. ఈ కేసులో మాకు కొన్ని వారముల వ్యవధియే మిగిలియుండెను. వ్రాతపూర్వకముగా అడిగినను ఆ ఆసుపత్రివారు మారుపలుకలేదు.

వాదింపవలసినది ఇంకను కలదు. మూడు లక్షలు రొక్కముగా ఇచ్చు స్తోమతు వాదికుండెనా? 2019లోనే బసలింగప్ప కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకు విలువనిచ్చినది. అది చెక్కు కేసైనను మాకును ఉపకరించును. వ్యవసాయదారుల ఋణోపశమనమునకై మద్రాసు ప్రెసిడెన్సీ 1938లో చేసిన చట్టము క్రింద వడ్డీ తగ్గింపును కూడ జవాబుదావాలో కోరితిమి. అసలు మొదటి సమను ఈమె చేతికంది, ఆనాడే వచ్చియుండిన ఎంత బాగుండెడిది! బిడ్డతో మరియొకసారి కర్నూలులో నుండగా అమీనా తలుపునకు కాగితము అంటించిపోయెను, ప్రక్కయింటి కొక్క మాటయైన చెప్పలేదు. ఎక్స్‌పార్టీ డిక్రీ అయిన తరువాత, తెలిసిన నెలలోపల దరఖాస్తు పెట్టి దానిని తొలగించుకొంటిమి. డిక్రీ సంగతి తెలిసినను ఫీజు భయమున వెంటనే రాలేదట. న్యాయసేవాధికార చట్టపు 12వ సెక్షను క్రింద స్త్రీలకు, పిల్లలకు ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా వకీలు నిత్తురు; 15100కు ఫోను చేసినను చాలును.

అసలు కేసుషీటుతో హాజరు కమ్మని ఆసుపత్రికి కోర్టుద్వారా సమను పంపించితిమి. ఆ కేసుషీటు వచ్చిన పిదపగాని వాదిని క్రాసు చేయను. అతని వకీలు తొందరపెట్టుచున్నను వాయిదా కోరితిని. రెండవ ఖాళీ నోటు ఇంకను అతనియొద్దనే యున్నది. దానిని తిరిగి యిమ్మని నోటీసు నిన్ననే పంపితిని.