సిరిసిల్ల మేనకోడలికి ఉత్తరం

కోయంబత్తూరు

బిడ్డా,

ఉస్మానియా టెక్నాలజీ కాలేజీలో టెక్స్‌టైల్ టెక్నాలజీ సీటు వచ్చిందని, ఇంట్లో అందరూ కంప్యూటర్ సైన్సుకే మారమంటున్నారని అమ్మ ఫోన్లో చెప్పింది. నన్నడిగితే చేరమంటాను. వేరే గతిలేక మాత్రం చేరకు.

సాంచాల (మరమగ్గాల) చప్పుడు వింటూ పెరిగినదానివి. పడుగు పోగు తెగితే సాంచా ఆగుతుంది. నేసినంత బట్టకే కూలి కాబట్టి, ఆగినంతసేపూ ఆ కార్మికుడికి నష్టమే. పైగా తప్పు అతనిదేనన్నట్టు ఆసామి కసురుతాడు. కానీ ఆ పోగు సాంచా మీదికి రాకముందే బలహీనపడి ఉంటుంది. సైజింగ్‌లో గంజి సరిగా పట్టి ఉండదు. గంజి బాగానే ఉంటే వార్పింగ్‌లో కొన్ని పోగులు బిగుతుగా, కొన్ని వదులుగా చుట్టుకొని ఉంటాయి. అదీ కాకపోతే స్పిన్నింగ్ మిల్లులో రింగ్ ఫ్రేము దగ్గరే నూలు అక్కడక్కడా పలచబడి ఉంటుంది. ఇంకా వెనక్కి వెళ్తే పత్తిలోనే పొట్టి పింజ ఎక్కువై ఉండొచ్చు. తెగిన కొస పట్టుకొని ఇలా వెనక్కి వెళ్లి కారణాన్ని దొరకబట్టేవాళ్లే నా దృష్టిలో టెక్స్‌టైల్ ఇంజనీర్లు. వాళ్లు సరిగా పనిచేస్తే నేసేవాడికి కూలి పెరుగుతుంది. ఈ చదువు మీద నాకున్న ప్రేమంతా అందుకే.

మొదటి రెండేళ్లు పీచు, నూలు గురించిన పాఠాలు గట్టిగా చదువు. 40 నంబరు నూలు అంటే ఏమిటి? 840 గజాల చిలపలు 40 కలిస్తే ఒక పౌను తూగే నూలు. ఈ లెక్క నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. పత్తి దాదాపు 8 శాతం తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. మిల్లులో గాలికి తేమ ఎందుకు పట్టిస్తారో, పొడిగాలిలో పాలిస్టర్ పోగులు ఎందుకు చిటపటలాడతాయో ఈ ఒక్క తేడాలోంచే తెలుస్తుంది.

ఇక్కడ కోయంబత్తూరులో కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్స్ పెట్టారు. 1951లో పీఎస్‌జీ టెక్, 1956లో సిట్రా పరిశోధన సంస్థ వచ్చాయి. మిల్లు, కాలేజీ, పరిశోధన ఒకే ఊళ్లో ఉండటంతో ఉదయం షెడ్డులో పుట్టిన ప్రశ్న సాయంత్రానికి ల్యాబుకు చేరుతుంది. వరంగల్‌లో 1934 నాటి ఆజంజాహి మిల్లు మూతపడ్డాక మనకు అలాంటి ఆధారం లేకుండా పోయింది. పత్తి మన దగ్గర పండుతుంది, చాలా భాగం బయటి మిల్లులకే పోతుంది. ఇప్పుడు అదే జిల్లాలో కాకతీయ టెక్స్‌టైల్ పార్కు ఉంది. 2023లో కేంద్రం దాన్ని పీఎం మిత్ర పార్కుల జాబితాలో చేర్చింది. షెడ్లు కట్టగానే సరిపోదు, వాటిలో నిలబడి పనిచేసే మనవాళ్లు కావాలి.

కష్టాలు దాచను. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లకంటే తక్కువే. ఉక్క, షిఫ్టులు, చెవులు దిబ్బెళ్లు పడే మోత. దూది దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఎవరు నవ్వినా మాస్కు తీయకు. ఆడపిల్లవని ల్యాబులోనో, మర్చండైజింగ్‌లోనో కూర్చోబెట్టాలని చూస్తారు. ఆ పనులు తక్కువవని కాదు. కానీ మొదటి రెండు మూడేళ్లు మిషన్ల దగ్గరే పని అడుగు. ఆపరేటర్లను అక్కా, అన్నా అని పిలువు. నూలును వేళ్ల మధ్య నలిపి తేడా చెప్పగలవాళ్లు వాళ్లే, పుస్తకంలో లేని సగం చదువు వాళ్ల దగ్గరే దొరుకుతుంది.

మొదటి సంవత్సరం పరీక్షలు కాగానే ఇక్కడికి రా. బ్లోరూం నుంచి కోన్ వైండింగ్ దాకా ఒక్కో విభాగంలో కొన్నాళ్లు ఉండేలా మా మిల్లు మేనేజరుతో మాట్లాడి పెడతాను. రాత్రి షిఫ్టు కూడా చూడాలి. అమ్మకు నేను నచ్చజెప్తాను.

ఆశీస్సులతో,
మామయ్య