క్రోమ్ తొట్టి దగ్గర గాలి: సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: డాక్టరుగారూ, మా ఆయన బాలానగర్‌లో ప్లేటింగ్ షాపులో పదహారేళ్లుగా క్రోమ్ తొట్టి దగ్గర పనిచేస్తున్నారు. ముక్కులోంచి తరచూ రక్తం వస్తోంది. ముక్కు లోపలి అడ్డుగోడకు చిల్లు పడిందని, అది రసాయనం వల్లేనని ఈఎన్‌టీ డాక్టరు అన్నారు. బీడీ, సిగరెట్ అలవాటు లేదు. ఇది ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు దారితీస్తుందా? డీఎన్ఏ దెబ్బతింటే పిల్లలకూ వస్తుందా?
– ఒక పాఠకురాలు, రసూల్‌పురా, బేగంపేట

జవాబు: అమ్మా, ఆ చిల్లు క్యాన్సర్ కాదు. కానీ మీ ఆయన ఇన్నేళ్లూ ఎలాంటి గాలి పీల్చారో అది చెబుతోంది. తొట్టిలో కరెంటు పారుతున్నప్పుడు బుడగలు పైకి లేచి పగులుతాయి. వాటితో క్రోమిక్ ఆమ్లం తుంపర గాల్లో కలుస్తుంది. ముక్కులో ఆగినది పుండు చేస్తుంది, మరీ సన్నది ఊపిరితిత్తుల దాకా పోతుంది. అందులో ఉన్నది హెక్సావాలెంట్ క్రోమియం. మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన పదార్థాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని చేర్చింది. ఆర్సెనిక్, కాడ్మియం, నికెల్ సమ్మేళనాలు కూడా అందులోనే ఉన్నాయి.

క్రోమేటు ఆకారంలో సల్ఫేటును పోలి ఉంటుంది. సల్ఫేటు కోసం కణం తెరిచి ఉంచిన దారిలోనే అదీ లోపలికి పోతుంది. లోపల విటమిన్ సి, గ్లూటాథయోన్ వంటివి దాని రూపం మారుస్తాయి. బయట జరిగితే ఈ మార్పు మేలే, విషం విరుగుతుంది. కణం లోపల జరిగితే మాత్రం క్రోమియం డీఎన్ఏకు అంటుకుపోతుంది, పోగులు తెగుతాయి. తెగిన పోగులను సరిచేసే ప్రొటీన్లు మనలో ఉన్నాయి. వాటిలో కొన్ని జింక్ ఆధారంగా పనిచేస్తాయి. కాడ్మియం, ఆర్సెనిక్ ఆ జింక్‌ను తోసేసి మరమ్మతునే ఆపేస్తాయి. నికెల్ దారి వేరు. డీఎన్ఏ అక్షరాలను మార్చకుండానే, కణం పెరుగుదలను అదుపు చేసే జన్యువులను పనిచేయనివ్వదు. మామూలుగా క్రోమ్ పూత కింద నికెల్ పూత వేస్తారు కాబట్టి, మీ ఆయనకు ఆ రెండూ తగిలే ఉంటాయి.

ఇంత జరిగినా అందరికీ క్యాన్సర్ రాదు. వచ్చేవారికి కూడా చాలా ఏళ్లు పడుతుంది. ఆర్సెనిక్ సంగతే చూడండి. చిలీలోని అంటోఫగస్టా నగరంలో 1958 నుంచి 1970 దాకా జనం ఆర్సెనిక్ ఎక్కువగా ఉన్న నీళ్లు తాగారు. నీటిని శుద్ధి చేయడం మొదలై దశాబ్దాలు గడిచినా అక్కడ ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఎక్కువగానే నమోదయ్యాయి. అందుకే పని మానినా పరీక్షలు మానకూడదు.

ఊపిరితిత్తుల కణాల్లో వచ్చిన మార్పు పిల్లలకు సంక్రమించదు. కానీ పని బట్టలతో మరకలు, ధూళి ఇంటికి వస్తాయి. షాపులోనే స్నానం చేసి బట్టలు మార్చుకోమనండి, వాటిని విడిగా ఉతకండి.

ముందు ఆయన్ను తొట్టి దగ్గరనుంచి వేరే పనికి మార్పించండి. ముక్కుకు కట్టుకునే జేబురుమాలు ఈ తుంపరను ఆపదు. తొట్టి అంచునే గాలిని లాగేసే ఏర్పాటు ఉండాలి, అది యజమాని బాధ్యత. దయచేసి ఈ మాట అడగడానికి జంకకండి. ఈఎస్‌ఐ కార్డు ఉంటే సనత్‌నగర్ ఆసుపత్రిలో ఎన్నేళ్లు, ఏ తొట్టి దగ్గర చేశారో కేస్ షీటులో రాయించండి. క్రోమియం వల్ల వచ్చే జబ్బులు చట్టం దృష్టిలో వృత్తి వ్యాధులే. ఆ రాత లేకపోతే రేపు హక్కు అడగడం కష్టం. మూడు వారాలు దాటిన దగ్గు, కఫంలో రక్తం కనిపిస్తే టీబీ పరీక్షతో ఆగిపోకండి. టీబీ అనుకుని మందులు మింగుతూ నెలలు పోగొట్టుకున్నవాళ్లు మన దగ్గర చాలామంది. ఛాతీ సీటీ స్కాన్ గురించి డాక్టరును అడగండి.

ప్రశ్న: స్టీలు గిన్నెల్లో క్రోమియం, నికెల్ ఉంటాయట. పడేయాలా?
– ఒక గృహిణి, ప్రకాశ్‌నగర్, బేగంపేట

జవాబు: అక్కర్లేదు. స్టీలులో ఉన్నది లోహరూపంలోని క్రోమియం. వంటింటి వేడికి అది హెక్సావాలెంట్‌గా మారి గాల్లోకి రాదు.

ప్రశ్న: నేను స్టీలు గేట్లు, రెయిలింగులు వెల్డింగ్ చేస్తాను. ఎలాగూ పొగ పీలుస్తున్నాను, బీడీ మానితే ఒరిగేదేముంది?
– ఒక వెల్డరు, బేగంపేట

జవాబు: చాలా ఉంది. పై జవాబులో చెప్పిన స్టీలే వెల్డింగ్ మంట వేడికి హెక్సావాలెంట్ క్రోమియం ఉన్న పొగ వదులుతుంది. వెల్డింగ్ పొగను కూడా 2017లో, పైన చెప్పిన క్యాన్సర్ కారకాల జాబితాలోనే చేర్చారు. పొగాకు మొక్క నేలలోని కాడ్మియాన్ని ఆకుల్లోకి లాగుతుంది, బీడీతో అదీ మీలో చేరుతుంది. పైగా శ్వాసనాళాల్లో చెత్తను బయటికి నెట్టే సన్నని నూగును బీడీ పొగ చచ్చుబడేస్తుంది, వెల్డింగ్ ధూళి లోపలే నిలిచిపోతుంది. గేట్లు వీలైనంత ఆరుబయట అతకండి, పొగ ముఖానికి తగలని పక్కన నిలబడండి, కనీసం ఎన్95 మాస్క్ పెట్టుకోండి. బీడీ మానడానికి తోడు కావాలంటే ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356.